కర్త కనబడుట లేదు

మా ఇంట్లో కప్పులు పగులుతాయి. నేను పగలగొట్టను. తాళంచెవులు పోతాయి. నేను పారెయ్యను. పాలు పొంగుతాయి, అప్పడాలు మాడతాయి, కరెంటు బిల్లు గడువు దాటిపోతుంది. ఇన్నేసి ఘోరాలు వాటంతట అవే జరిగిపోయే ఇంట్లో ఏ పాపం ఎరగకుండా కాపురం చేసుకొస్తున్నాను. ఇది నా మంచితనం కాదు, వ్యాకరణం. జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. వాక్యంలోంచి కర్తని తప్పించే విద్య మా వీధిలో నా అంత బాగా ఇంకొకరికి రాదు.

ఇంగ్లీషులో ఈ పనికి పాసివ్ వాయిస్ కావాలి. ఏటేటా బోర్డు మీద రాముడి చేత రావణుణ్ణి చంపించి, వెంటనే రావణుణ్ణి రాముడి చేత చంపబడేలా చేసేవాణ్ణి. ఆబ్జెక్టు ముందుకొస్తుంది, క్రియ 'బి' రూపాన్నీ పాస్ట్ పార్టిసిపుల్‌నీ తొడుక్కుంటుంది, సబ్జెక్టు 'బై' పట్టుకుని వెనక్కి పోతుంది. ఆ 'బై' భాగం ఉంచి తీరాలనేం లేదనీ చెప్పేవాణ్ణి. చేసినవాడెవరో తెలియకపోతే తీసెయ్యొచ్చు, తెలిసినా చెప్పే అవసరం లేకపోతే తీసెయ్యొచ్చు. చెబితే కొంప మునిగేటప్పుడు కూడా తీసెయ్యొచ్చన్న మూడో సూత్రం ఏ పుస్తకంలోనూ లేదు, నా స్వానుభవం.

తెలుగుకి ఇంత శ్రమ అక్కర్లేదు. 'బడు' తగిలించిన వాక్యం మనకి దస్తావేజుల్లో కనిపించడమే గాని నోట పలకదు. అంతకన్నా నాజూకైన ఏర్పాటు మనకుంది. పగలగొట్టు పక్కన పగులు, విరగ్గొట్టు పక్కన విరుగు, చింపు పక్కన చినుగు, ఆర్పు పక్కన ఆరు. నేరం చేసే ప్రతి క్రియకీ నేరం ఎరగని ఓ తోబుట్టువు. 'కప్పు పగిలింది' అంటే చాలు. లోకంలో ఆ కప్పు ఒక్కతే ఉంది, దాని ఖర్మ అది అనుభవించింది.

చిక్కల్లా మా ఆవిడ బీకాం కావడం. ప్రతి డెబిట్‌కీ ఎక్కడో ఓ క్రెడిట్ ఉండి తీరాలన్నది ఆవిడ మతం.

"పగిలిందా, పగలగొట్టారా?" అంటుంది.

"చేతిలోంచి జారింది."

"ఎవరి చేతిలోంచి?"

షష్ఠీ విభక్తి దగ్గర దొరికిపోతాను.

మా మేనల్లుడు డీఎస్సీకి, అందులోనూ స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లీషుకి చదువుకుంటూ మా ఇంటికి రావడం మొదలెట్టాక ఈ వ్యవహారం ముదిరింది. గ్రామర్, ఫిగర్స్ ఆఫ్ స్పీచ్, లిటరరీ టర్మ్స్ అన్నీ మొదటి నుంచీ చెప్పమన్నాడు. రిటైరైనవాణ్ణి 'మొదటి నుంచీ చెప్పండి' అని అడిగిన పాపానికి గ్రీకుల దగ్గర్నుంచి ఎత్తుకున్నాను.

భాషాభాగాలు ఎనిమిదే ఎందుకుండాలి? గ్రీకులకి ఎనిమిది ఉన్నాయి కాబట్టి. డయనీసియస్ థ్రాక్స్ పేరు మీద నిలిచిన గ్రీకు వ్యాకరణంలో ఉన్నవి ఎనిమిది, అందులో ఆర్టికల్ ఒకటి. ఆ పద్ధతిని తమ భాషకి దింపుకోబోయిన రోమన్లకి చిక్కొచ్చింది. లాటిన్‌లో ఆర్టికలే లేదు. ఏడుతో ఊరుకుంటే పోయేదా, బంతిలో ఒకడు లేచిపోతే ఆ విస్తరి ముందు దారేపోయేవాణ్ణి పిలిచి కూచోబెట్టినట్టు, ఇంటర్జెక్షన్‌ని తెచ్చి కూచోబెట్టి ఎనిమిది పూర్తి చేశారు. ఇంగ్లీషువాళ్ళు ఆ ఎనిమిది అంకెని భద్రంగా కాపాడుకుంటూ వచ్చారు, లోపలి సరుకు కాస్త అటూ ఇటూ అయినా. మన తెలుగు వాచకాలు తెలివిగా ఐదుతో సరిపెట్టుకుని 'అయ్యో', 'ఆహా'లని అవ్యయాల గుంపులో కలిపేశాయి.

క్లాసులో ఇంటర్జెక్షన్‌కి నేనెప్పుడూ అర పీరియడ్ మించి ఇచ్చింది లేదు. అదే ఇప్పుడు మా సంసారంలో ప్రధాన భాషాభాగం. పెళ్ళయిన కొత్తలో మేం కాంప్లెక్స్ సెంటెన్సులు మాట్లాడుకునేవాళ్ళం. 'నువ్వు దొరక్కపోయుంటే నేనేమైపోయేవాణ్ణో' అని థర్డ్ కండిషనల్ కూడా వాడాను, ఆవిడ దగ్గర ఉత్తరాల్లో దాఖలా ఉంది. పిల్లలు పుట్టాక కాంపౌండ్‌కి దిగాం. 'ఫీజు కట్టాలి, కానీ జీతం రాలేదు.' ఆ తరవాత సింపుల్. ఇప్పుడు నా వైపు నుంచి మిగిలింది 'ఊఁ'. ఆవిడ వైపు నుంచి 'హుఁ'. ఈ రెంటి మధ్యే పాలవాడి లెక్కా, మా చెల్లెలి అలకా, అమ్మాయి అమెరికా నుంచి వచ్చే విషయమూ అన్నీ తేలిపోతున్నాయి. డీఎస్సీలో దీని మీద ఒక మార్కు కూడా రాదు.

వాక్యాలు నాలుగు రకాలని చెప్పిన రోజు ఇంకో సంగతి బయటపడింది. అసెర్టివ్, ఇంటరాగేటివ్, ఇంపెరెటివ్, ఎక్స్‌క్లమేటరీ. ఉన్నమాట చెప్పేది, అడిగేది, ఆజ్ఞాపించేది, ఆశ్చర్యపోయేది. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి వినిపించింది.

"గ్యాస్ అయిపోయింది."

"చూశావూ? ఇది అసెర్టివ్," అన్నాను వాడితో. వాడు రాసుకున్నాడు.

"ఇంట్లో మగవాళ్ళున్నారా?"

"ఇది ఇంటరాగేటివ్."

"ఎంత హాయిగా కూచున్నారో!"

"ఎక్స్‌క్లమేటరీ. చివర ఆశ్చర్యార్థకం పెట్టు."

నాలుగోది దానంతట అది రాలేదు. వచ్చి మా మధ్య నిలబడింది, చేతిలో ఖాళీ సిలిండర్ తాలూకు పుస్తకంతో.

మాటలు కబుర్లు చెప్పడానికే కాదు, పనులు చేయడానికీ ఉన్నాయని జె.ఎల్. ఆస్టిన్ అనే ఆక్స్‌ఫర్డ్ తత్త్వవేత్త 1955లో హార్వర్డ్‌లో ఉపన్యాసాలిచ్చాడు. ఆయన పోయాక 1962లో అవి పుస్తకంగా వచ్చాయి. చూడ్డానికి ఉన్నమాట చెబుతున్నట్టుండే వాక్యం లోపల్లోపల ఆజ్ఞ కావచ్చునన్న సంగతి అలా పండితులకి ఎక్కింది. నాకు పుస్తకంలో ఎక్కింది, ఇంట్లో ఎక్కలేదు. నా జబ్బేమిటంటే, ఒక వాక్యానికి పేరు పెట్టగానే దానికి జవాబు చెప్పేశానన్న తృప్తి కలుగుతుంది. 'ఒంట్లో బావులేదండీ' అంటే ప్రెజెంట్ టెన్స్ అని తోస్తుంది. డాక్టరు తరవాత తోస్తాడు.

సర్వనామాల దగ్గర ఇంగ్లీషు మీద జాలేసింది. వాళ్ళకున్నది ఒకటే 'వియ్'. ఎదుటివాణ్ణి కలుపుకున్నదో వదిలేసిందో దాంట్లో తెలియదు. మనకి 'మనం' వేరు, 'మేము' వేరు. మా ఆవిడ, మా అత్తగారూ సినిమాకి వెళ్ళేటప్పుడు 'మేము'. అటక మీద బూజు దులిపేటప్పుడు 'మనం'. "మనం ఈ ఆదివారం ఫ్యాన్లు తుడవాలండీ" అన్న వాక్యంలో మనం అంటే ఏకవచనం, మధ్యమపురుష, పుంలింగం.

మా అత్తగారిది అమలాపురం. పాతకాలపు మనిషి, అల్లుడితో ఎదురుగా మాట్లాడదు. నేను అదే గదిలో, ఆవిడకి బెత్తెడు దూరంలో కూచున్నా, "మీ ఆయన్ని ఇంకాస్త పెరుగు వేసుకోమను" అని కూతురికి చెబుతుంది. డైరెక్ట్, ఇండైరెక్ట్ స్పీచ్ పాఠానికి ఇంతకన్నా ప్రయోగశాల ఎక్కడ దొరుకుతుంది? ఇంగ్లీషు పద్ధతిలో రిపోర్టు చేసేటప్పుడు పురుష మారుతుంది, కాలం ఒక మెట్టు వెనక్కి పోతుంది, 'ఇక్కడ' 'అక్కడ' అవుతుంది, 'ఇవాళ' 'ఆ రోజు' అవుతుంది. మనం 'అని' ఒక్కటి తగిలించి ఊరుకుంటాం. మా ఆవిడ మాత్రం ఏ పద్ధతీ పాటించదు. "ఇంకాస్త పెరుగు వేసుకోమను" అన్న మాట నా దాకా వచ్చేసరికి "మజ్జిగ పోసుకోండి, పెరుగు రేపటికి కావాలి" అవుతుంది. నేను పంపే సందేశాలదీ అదే గతి. "మీ అమ్మగారు ఇంకో వారం ఉండొచ్చుగా" అన్నాను ఓసారి, లాంఛనంగా. "మీరు నెలాఖరు దాకా కదలడానికి వీల్లేదంటున్నారు" అని చేరింది. కాలం ముందుకు జరగడం నేరేషన్ చరిత్రలో అదే మొదలు.

ఈ నేరేషన్, వాయిస్ మార్పులు మూడు తరాల చేత రాయించిన రెన్ అండ్ మార్టిన్‌లోని పి.సి. రెన్ సంగతి మావాడికి తెలియదు. బొంబాయిలో విద్యాశాఖ ఉద్యోగం చేసిన ఇంగ్లీషువాడు. గ్రామర్ ఆయన రెండో ముఖం, మొదటిది నవల. 1924లో వచ్చిన 'బో జెస్ట్'లో ముగ్గురన్నదమ్ములు ఇల్లు విడిచి ఫ్రెంచి ఫారిన్ లీజియన్‌లో, సహారా ఎడారిలో తేలతారు. గ్రామర్ మాస్టారు రాత్రిళ్ళు ఇలాంటి కలలే కంటాడని నేను పూచీ. ఎన్.డి.వి. ప్రసాదరావు గారు సవరించిన కూర్పు ఇప్పటికీ మా బల్ల మీద ఉంది. సహారా సంగతి అందులో లేదు.

ఫిగర్స్ ఆఫ్ స్పీచ్ దగ్గర నా మాస్టరు గిరీ పూర్తిగా మంటగలిసింది. నా ఉదాహరణలన్నీ పుస్తకాలవి. మెటానిమీకి 'క్రౌన్' అంటే రాజు. సినెక్‌డకీకి 'హేండ్స్' అంటే పనివాళ్ళు. సంబంధం ఉన్నదాని పేరు పెట్టి పిలిస్తే మొదటిది, భాగం పేరు పెట్టి మొత్తాన్ని పిలిస్తే రెండోది. ఎన్నిసార్లు చెప్పినా మావాడి మొహంలో దీపం వెలగలేదు. పక్కగదిలో మా అత్తగారు ఫోన్లో ఎవరితోనో అంటోంది:

"నిన్న రాత్రి హైదరాబాదు ఫోన్ చేశాడు. బెంగుళూరు చెయ్యలేదు, కోపంగా ఉందిట. ఇక్కడ తినే నోళ్ళు నాలుగు, పనిచేసే చేతులు రెండు."

మావాడు లేచి నిలబడ్డాడు. "హైదరాబాదంటే పెద్ద మావయ్య, బెంగుళూరంటే చిన్న పిన్ని! అది మెటానిమీ. నోళ్ళు, చేతులు సినెక్‌డకీ!" అని కేకేశాడు. ఆ రోజు నుంచి వాడు నోటుబుక్కు తీసుకుని అత్తగారి గుమ్మం దగ్గర కూచునేవాడు. హైపర్‌బొలీ, అంటే అతిశయోక్తి, ఆవిడకి ఊపిరి. "వీడి పెళ్ళి చూసేసరికి నా ఎముకలు కూడా మిగలవు." లైటొటీస్ అంటే కాదనడం ద్వారా ఔననిపించే ఒదుగుమాట. నేను మొదటిసారి ఉప్మా చేసిన రోజు ఆవిడ కూతురితో అంది, "మరీ తినలేనంతగా ఏం లేదు." అల్లుడు ఆ ఇంటి వైపు నుంచి అందుకున్న అత్యున్నత పురస్కారం అదే. ఇక ఐరనీలో మనవాళ్ళు, పైకి మెచ్చుకోలుగా ఉండి లోపల తిట్టే దానికి వ్యాజస్తుతి అని విడిగా పేరే పెట్టారు. "మీ ఆయనకి వంటింటి దారి భలే గుర్తుందే!" అంది, నేను మంచినీళ్ళకి వెళ్తే. మావాడు దాన్ని ఐరనీ కింద రాసుకుని పక్కన స్టార్ పెట్టుకున్నాడు.

నా మర్యాద కాపాడుకోవడానికి పెథెటిక్ ఫేలసీ ఎత్తుకున్నాను. జడపదార్థాలకీ ప్రకృతికీ మన బాధలూ కోపాలూ అంటగట్టడం. జాన్ రస్కిన్ 1856లో 'మోడర్న్ పెయింటర్స్' మూడో సంపుటంలో పెట్టిన పేరిది, మెచ్చుకుని కాదు, తప్పుపడుతూ. "మిక్సీ అలిగిందండీ" అని మా ఆవిడ అన్నప్పుడల్లా, అలగడానికి మిక్సీకి మనసు లేదు, ఇది ఫేలసీ అని రస్కిన్ తరఫున వాదించేవాణ్ణి. రిపేరుకి తీసుకెళ్ళే బదులు వాదించేవాణ్ణి అన్నమాట. అమ్మాయి ఫోన్లోంచి అడిగింది, "నాన్నా, ఆ రస్కిన్‌గారి సంసారం ఎలా ఉండేదో?" చెప్పక తప్పలేదు. 1848లో పెళ్ళి, 1854లో రద్దు. "రెండేళ్ళకి ఈ పేరు కనిపెట్టాడా? మీరు జాగ్రత్త," అంది. మర్నాడు మిక్సీని రిపేరుకి తీసుకెళ్ళాను.

ఇక డ్రమేటిక్ ఐరనీ. ఇది కాస్త నిదానంగా చెప్పాలి.

సాహిత్య పదాల నిఘంటువులంటే నాకు బలహీనత. ఎం.ఎచ్. ఏబ్రమ్స్ గ్లాసరీ 1957లో మొదటిసారి వచ్చింది. ఆయన నూటరెండేళ్ళు బతికి 2015లో పోయేలోగా కూర్పు మీద కూర్పు వేస్తూ పోయాడు, నేను కొంటూ పోయాను. అలమర అర ఒకటి కిందికి వంగింది. (వంగింది. నేను వంచలేదు.) ఇక పుస్తకం కొంటే ఒట్టని మా ఆవిడ చేతిలో చెయ్యేశాను. ఆ తరవాత కడన్ నిఘంటువు ఒకటి పాతపుస్తకాల్లో కనిపించింది. 1977లో మొదలైన పుస్తకం, ఏబ్రమ్స్‌లో లేని చిల్లర పదాలు కూడా దొరుకుతాయి. ఆర్డరు పెట్టాను. పార్సిల్ వచ్చేలోగా నేనే గేటు దగ్గర కాపలా కాద్దామనుకున్నాను. ట్రెజరీలో పెన్షన్ పని పడి వెళ్ళాల్సొచ్చింది.

తిరిగొచ్చాక ఎదురుచూశాను. రాలేదు. కొరియర్‌కి ఫోన్ల మీద ఫోన్లు. డెలివరీ అయిందంటారు.

"ఎవరికండీ ఫోను?"

"కొరియర్‌కి. బీపీ మాత్రలు తెప్పించాను, రాలేదు."

"అయ్యో! మాత్రలు లేకుండా ఎలా? అవి వచ్చేదాకా ఉప్పు తగ్గిస్తాను."

ఆ రాత్రి పప్పులో ఉప్పు లేదు. మర్నాడు పులుసులో లేదు. ఆవకాయ జాడీ బల్ల మీద నుంచి లేచి ఎటో వెళ్ళిపోయింది. "మీ ఆయన ఆరోగ్యం కన్నా మనకేం కావాలి" అని అత్తగారు కళ్ళొత్తుకుంది. నేను చప్పిడి కూడు తింటూ, పొద్దున్నే మావాడికి ఈడిపస్ కథ చెబుతున్నాను. సోఫోక్లీజ్ నాటకం చూడ్డానికి వచ్చిన ఏథెన్సు జనానికి ఆ కథ ముందే తెలుసు. రాజుని చంపినవాడెవడని ఊరంతా వెతికిస్తున్నవాడే ఆ చంపినవాడని అందరికీ తెలుసు, వాడికి తప్ప. పాత్రకి తెలియంది ప్రేక్షకుడికి తెలియడమే డ్రమేటిక్ ఐరనీ.

"అందరికీ తెలిసి కూడా ఎవరూ చెప్పరా మావయ్యా?"

"చెబితే నాటకం ఎక్కడుంటుందిరా!"

వాడు తలదించుకుని నవ్వు దాచుకున్నాడని అప్పుడు తోచలేదు. భక్తి అనుకున్నాను. ఆ తరవాత హమార్షియా దగ్గరకొచ్చాం. గైడ్లలో దీన్ని నాయకుడి స్వభావంలోని లోపమని రాసేస్తారు గాని, అరిస్టాటిల్ మాటకి గురి తప్పడం, పొరపాటు పడడం అన్న అర్థమే దగ్గర. స్వభావ లోపమా, పొరపాటా అని పండితుల్లో తగాదా ఉంది. మా ఇంట్లో లేదు.

"కానీ ఇందులో ఇంకోలా ఉంది మావయ్యా," అంటూ మావాడు సంచీలోంచి ఓ లావుపాటి పుస్తకం తీశాడు. పాత క్యాలెండర్ కాగితంతో నీటుగా అట్ట వేసుంది. అట్ట వేసిన తీరు మా ఆవిడది, మడతలు ఆడిటర్ ఆఫీసు మడతలు. పేజీ చూశాను. కడన్.

పార్సిల్ సంతకం చేసి తీసుకున్నవాడు మావాడే. అట్ట వేసి, ముందు నువ్వు చదువుకో నాయనా అని ఇచ్చింది మా ఆవిడ. అమెరికాకి కూడా తెలుసు. అజ్ఞానంలోంచి జ్ఞానంలోకి ఇలా ఒక్కసారిగా వచ్చి పడడాన్ని అరిస్టాటిల్ అనగ్నోరిసిస్ అన్నాడని మావాడికి చెప్పాను. ఇంకేం చెయ్యను? ఉదాహరణ కళ్ళెదుట ఉంది.

"మాత్రలు బాగా లావుగా ఉన్నాయండీ, హార్డ్ బౌండు," అంది మా ఆవిడ. ఆ పూట పులుసులో ఉప్పు పడింది, ఆవకాయ జాడీ మాత్రం పుస్తకం ఖరీదు పెన్షన్లోంచి జమ అయ్యాకే కదిలింది.

మావాడిప్పుడు నా గదిలోకి రావడం తగ్గించాడు. ఉదాహరణలన్నీ వంటింట్లో ఉన్నాయట. నిన్న నేను పడక్కుర్చీలో కడన్ తిరగేస్తుంటే వాళ్ళ మాటలు వినపడుతున్నాయి.

"చిక్కుడుకాయలు ఈనెలు తియ్యాలి," అంది మా ఆవిడ.

"అత్తయ్యా, ఇంపెరెటివ్‌లో సబ్జెక్టు పైకి కనపడదనీ, ఉన్నట్టు మనమే అర్థం చేసుకోవాలనీ మావయ్య చెప్పారు. మరి ఈ వాక్యంలో సబ్జెక్టు ఎక్కడుంది?"

"అదిగో, పడక్కుర్చీలో ఉంది."

గౌరవవాచకానికి 'ఉంది' కాదు, 'ఉన్నారు' అనాలి, కర్తకీ క్రియకీ పొత్తు కుదరలేదు అని చెప్పబోయేలోగా చిక్కుడుకాయల చాట ఒళ్ళోకి వచ్చింది.